దైవస్వరము: ఒక ఉపాధ్యాయుని అనుభవము

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేను చదువుకొనుచున్న దినములలో మా అధ్యాపకులొకరు మాకొక మాట చెప్పుచుండెడివారు. నల్లబల్లవైపు తిరిగి వ్రాయుచున్నప్పుడు, వెనుక మాటలాడిన బాలుడెవడో ముఖము త్రిప్పకయే చెప్పగలిగిన నాడు మీరు ఆ తరగతికి నిజముగా ఉపాధ్యాయులైతిరని తెలిసికొనుడని వారనెడివారు. మేమందరము విని నవ్వితిమి. తరువాత బోధనాభ్యాసమునకై ఒక పాఠశాలకు నన్ను పంపినప్పుడు నలుబదిమంది బాలుర కంఠములును నా చెవికి ఒక్క రొదగా వినబడెను. ఎవరు పిలిచినను "ఎవరది?" అని అడుగుటయే నా పనియై యుండెను. ఉద్యోగములో చేరిన పిదప నాలుగైదు నెలలు గడచునప్పటికి ఎవరును నేర్పకయే ఆ విద్య నాకలవడెను. దగ్గు వినియే దగ్గినవానిని పేరుపెట్టి పిలువగలిగితిని.

ఇది చెవియొక్క నేర్పు కాదు, సహవాసముయొక్క ఫలము. క్రైస్తవ జీవితములో దేవుని స్వరమును గుర్తెరుగుటయు ఇట్టిదేయని నేడు నేను నమ్ముచున్నాను. అయితే ఈ సంగతి నేను గ్రంథములవలన నేర్చుకొనలేదు. ఒక బాలునికి నేను చేసిన అన్యాయము మూలముగా నేర్చుకొంటిని. ఈ సంచికకు ఏదైన వ్రాయుమని నన్ను కోరినప్పుడు పండితులు మెచ్చదగిన విషయమొకటి వ్రాయవలెనని మొదట తలంచితిని. కాని ఇతరుల తప్పులను ఎఱ్ఱసిరాతో దిద్దుటయే వృత్తిగా గలవాడు తన తప్పు నొకదానిని విద్యార్థులయెదుట దిద్దుకొనుట న్యాయమని తోచి దీనిని వ్రాయుచున్నాను.

మాది ఒంగోలు ప్రాంతమందలి యొక పల్లె. మా తండ్రిగారు అచ్చటి చిన్న సంఘమునకు ఉపదేశిగా నుండిరి. పంటలు ఇంటికి చేరిన తరువాత గొల్లలు మందలను తోలుకొనివచ్చి, ఎరువు నిమిత్తము రైతుల చేలలో రాత్రులు మంద కట్టెడివారు. సాయంకాలమున రెండు మూడు మందలు చెరువు దగ్గర కలిసిపోయి నీరు త్రాగుచుండెను. ఇవి మరల ఎట్లు విడిపోవునోయని నేను కట్టమీద కూర్చుండి చూచుచుంటిని. కాపరులు వానిని కొట్టలేదు, లెక్కింపలేదు. ఒక్కొక్కడు ఒక్కొక్క దిక్కున నిలిచి నాలుకతో తనకు అలవాటైన శబ్దమొకటి చేయును. అంతట నీళ్లలోనుండి గొఱ్ఱెలు వేరుపడి ఎవని వెంట నడువవలసినవి వాని వెంట నడుచును.

ఒకనాడు నేనును ఆ శబ్దమును సరిగా నేర్చుకొని చేసితిని. కొన్ని గొఱ్ఱెలు తలయెత్తి నావైపు చూచి, మరల నీళ్లమీదికి తలలు వంచెను. ముసలి కాపరి నవ్వి, "ఊరికే కూతేస్తే వస్తయ్యా అబ్బాయ్? పుట్టినకాడ్నించి నా యెనకమాల తిరిగినియ్యి. ఎండకీ వానకీ నాతోనే ఉండినియ్యి. అందుకని వస్తయ్" అనెను. తరువాతి కాలమున యోహాను సువార్త పదియవ అధ్యాయము చదివినప్పుడెల్ల ఆ చెరువుకట్ట నాకు జ్ఞాపకము వచ్చుచుండెను. దాని యర్థము నాకు బాగుగా తెలియునని గర్వించుచుంటిని. అర్థము తెలియుట వేఱు, ఆ మందలోని గొఱ్ఱెయై యుండుట వేఱు అని నాకప్పుడు తెలియదు.

2009 వ సంవత్సరమున నేను వేఱొక యుర ఉన్నత పాఠశాలలో పనిచేయుచుంటిని. నాకప్పుడు ముప్పదియేండ్లైనను నిండలేదు. పదియవ తరగతివారి పరీక్ష రుసుము వసూలుచేయు పని నాకొప్పగింపబడెను. కడపటి దినమున సాయంకాలము లెక్కచూడగా నాలుగువందల రూపాయలు తక్కువ వచ్చెను. మూడుమారులు లెక్కించితిని. తక్కువ తక్కువగానే యుండెను.

నా యనుమానము ఒక బాలునిమీదికి పోయెను. వాడు చాల బీదవాడు. ప్రతిదినము ఉపాధ్యాయుల గదిలోనికి మంచినీళ్ల కూజా తెచ్చి పెట్టెడివాడు. బల్ల సొరుగు తాళము లేనిదని వానికి తెలియును. అదియుగాక, పదిదినములనుండి రుసుము చెల్లింపలేక తప్పించుకొని తిరిగినవాడు ఆ దినము ఉదయమే సొమ్మంతయు తెచ్చి నా చేతిలో పెట్టెను. ఇంతకంటె రుజువేమి కావలయునని నా మనస్సు పలికెను.

ఆ రాత్రి నేను ప్రార్థించితిని. ప్రార్థించితినని చెప్పుటకంటె, నా కోపమును దేవునియెదుట చదివితినని చెప్పుట సత్యము. పిదప కన్నులు మూసికొని బైబిలు తెరచి వ్రేలు పెట్టితిని. నా వ్రేలు యెహోషువ గ్రంథము ఏడవ అధ్యాయముమీద పడెను. అది ఆకాను శపితమైన సొమ్మును దొంగిలించి డేరాలో దాచిన కథ. నా శరీరము గగుర్పొడిచెను. దేవుడు నాతో స్పష్టముగా మాటలాడెనని నమ్మితిని. సంతోషముతో ఈ సంగతి నా భార్యకు చెప్పగా ఆమె చేతిలోని పని ఆపి, "ఏమండీ, వాడు తియ్యడం మీరు చూశారా?" అని అడిగెను. "నేను చూడనక్కరలేదు, దేవుడే చూపించాడు" అని కసరితిని. ఆమె మరి మాటలాడలేదు.

మరునాడు తరగతి యంతటియెదుట వానిని నిలువబెట్టితిని. "నేను తియ్యలేదు సార్" అని వాడనెను. "మరి రుసుముకు సొమ్మెక్కడిది?" అని అడిగితిని. "మా అమ్మ ఇచ్చింది" అనెను. "మీ యమ్మకు ఎక్కడినుండి వచ్చినది?" అని నేను నవ్వితిని. తరగతిలో కొందరు నవ్విరి. వాడు తలవంచుకొని యేమియు చెప్పలేదు. ఆ మౌనమును నేను నేరపు టొప్పుకోలుగా తీసికొంటిని. నీవు దొంగవని అందరియెదుట పలికి, పెద్దవారిని పిలుచుకొని వచ్చువరకు బడికి రావద్దని పంపివేసితిని. తక్కువైన సొమ్మును నా జీతములోనుండి కట్టి, నేనేదో త్యాగము చేసితినని కూడ అనుకొంటిని. వాడు మరునాడు రాలేదు. ఆ మరునాడును రాలేదు.

అప్పటినుండి నాలో ఒక ప్రశ్న మొదలయ్యెను. అది నా భార్య యడిగిన ప్రశ్నయే: నీవు చూచితివా? హాజరుపట్టీలో వాని పేరు పిలువక దాటునప్పుడు అది వచ్చును. రాత్రి దీపమార్పిన తరువాత వచ్చును. అది గద్దింపలేదు, తొందరపెట్టలేదు; నేను కాదని తోసివేసినప్పుడు వాదింపను లేదు. మరునాడు అదే మాట, అంతే నెమ్మదితో తిరిగి వచ్చుచుండెను. ఇది మెత్తదనము, క్రమశిక్షణకు పనికిరాని జాలియని నన్ను నేను సమాధానపరచుకొంటిని. పిదప బేరమాడితిని. గిద్యోను గొఱ్ఱెబొచ్చు పరిచి సూచన యడిగినట్లు, ఆ నాలుగువందలు ఎక్కడనైన దొరకిన యెడల వెళ్లి క్షమాపణ చెప్పెదనని దేవునితో ఒప్పందము చేయజూచితిని. సొమ్ము దొరకలేదు. ప్రశ్నయు పోలేదు.

తొమ్మిదవ దినము ఆదివారము. ఆరాధనలో ప్రభువు బల్ల సిద్ధపరచిరి. రొట్టె పళ్లెము నా వరుసకు వచ్చుచుండగా, అర్పణ నర్పింపవచ్చినవాడు తనమీద సహోదరునికి ఏదైన కలదని జ్ఞాపకము వచ్చిన యెడల ముందుగా వెళ్లి సమాధానపడవలెనని ప్రభువు కొండమీద బోధించిన బోధ నాకు జ్ఞాపకము వచ్చెను. దానిని నేను వెదకి తెరచినది కాదు. చిన్ననాటినుండి చదివి మరచియున్నది. వెంటనే మఱియొకటి వెలుగులోనికి వచ్చెను. పది యాజ్ఞలలో తొమ్మిదవది అబద్ధసాక్ష్యమును నిషేధించుచున్నది గదా! చూడనిదానిని చూచినట్లు నలుబదిమందియెదుట నేను సాక్ష్యము చెప్పితిని. దొంగ యెవడైనను కానిమ్ము, ఆ గదిలో ఆజ్ఞ మీరినవాడనని నాకు నిశ్చయముగా తెలిసినవాడను నేనొక్కడనే. పళ్లెమును ప్రక్కవారికి అందించి మధ్యాహ్నపు బస్సులో వాని పల్లెకు వెళ్లితిని.

వాని తల్లి గుడిసెముందు కూర్చుండి బియ్యము చెరుగుచుండెను. తండ్రి హైదరాబాదులో కూలిపనికి పోయి యుండెను. ఆమె లేచి నాకు పీట వేసి, దూరముగా నిలువబడి, "అయ్యవారూ, మావోడు తీసుంటే చేతులిరగ్గొట్టండి. తియ్యకపోతే మాత్రం ఆ మాట మీరే ఎనక్కి తీసుకోవాల. మేం తీసుకోలేం" అనెను. రుసుము సొమ్ము ఎక్కడిదని నేనడుగకమునుపే గుడిసె ప్రక్కనున్న గుంజను చూపెను. దానికి కట్టు త్రాడు మాత్రముండెను. పాడిమేకను అమ్మి కొడుకు పరీక్షకు కట్టినదట. ఆ మాట తరగతిలో చెప్పుటకు వాడు సిగ్గుపడెను. బాలుడెక్కడనని యడుగగా, మేనమామతో మార్కాపురమునకు పలకల పనికి పోయెనని చెప్పెను.

మరునాడు సెలవుపెట్టి మార్కాపురము వెళ్లితిని. ఆ ప్రాంతపు భూమిలో దొరకు నల్లరాతినుండి బడిపిల్లల పలకలు కోయుట చిరకాలమునుండి అచ్చటి జీవనాధారమని పాఠములో ఎన్నియోమార్లు నేనే చెప్పియుంటిని. పలకల షెడ్డు ఒకదానిలో వాడు కనబడెను. కనుబొమ్మలును వెండ్రుకలును రాతిపొడితో నెరసినట్లుండెను. నన్ను చూచి, చేతులు చొక్కాకు తుడుచుకొని, బడిలోవలెనే చేతులు కట్టుకొని నిలిచెను. ఇతర బాలురు వ్రాసికొనుటకు పలకలు చేయుచు, తాను వ్రాయవలసిన పరీక్షకు దూరమైయుండెను. వానిని అచ్చటికి పంపినది నా మాట.

అక్కడి పనివారు వినుచుండగనే చెప్పితిని: "నువ్వు తీశావని నేను చూడలేదు. చూడనిదాన్ని చూసినట్టు అందరిముందు చెప్పాను. తప్పు నాది. నన్ను క్షమించు." వాడు కొంతసేపు ఊరకుండి, "డబ్బులు దొరికినయ్యా సార్?" అని అడిగెను. "లేదు, దొరకలేదు" అంటిని. అంతవరకు ధైర్యముగా నిలిచిన బాలుడు ఆ మాట వినగానే ముఖమునకు చేతులడ్డము పెట్టుకొని యేడ్చెను. సొమ్ము దొరకినందున వచ్చితినని వాడు తలంచి యుండెను. దొరకకయే వచ్చితినని తెలిసికొన్న తరువాతనే వానికి నా మాటమీద నమ్మకము కలిగెను.

వాడు బడికి వచ్చిన దినమున తరగతియెదుట అదే మాట మరల చెప్పితిని. ఇట్లు చేసినయెడల బాలురకు భయము పోవునని కొందరు సహోపాధ్యాయులు హెచ్చరించిరి. బాలురు చెడిపోలేదు. 2010 వ సంవత్సరమున వాడు పరీక్ష వ్రాసి కృతార్థుడై, పిదప విద్యుత్తు పని నేర్చుకొనెను. అయితే ఒక సంగతి దాచక చెప్పవలయును. ఆ మిగిలిన నెలలలో వాడు నీళ్ల కూజాను మరల ముట్టలేదు. నేనును తెమ్మని యడుగలేదు. క్షమాపణ దొరకినను, చేసిన గాయపు మచ్చ యుండును. ఆ నాలుగువందల రూపాయలు ఏమైనవో నేటికిని నాకు తెలియదు.

తరువాత ఆ యేడవ అధ్యాయమును మరల చదివితిని. ఈసారి కడవరకు చదివితిని. యెహోషువ ఆకానును కుమారుడని సంబోధించి నిజము చెప్పుమని యడిగెను. దోషి ఒప్పుకొనిన పిమ్మటను దూతలను పంపగా వారు పరుగెత్తి డేరాలో ఆ వస్తువులను కన్నులార చూచిరి. నేను దైవస్వరమని భ్రమించిన ఆ యధ్యాయమే, చూడక తీర్పు తీర్చవద్దని నాకు బోధించుచుండెను. ద్వితీయోపదేశకాండమున ధర్మశాస్త్రము ఇద్దరు ముగ్గురు సాక్షులను కోరుచున్నది. కన్నులు మూసికొని వ్రేలు పెట్టిన వానికి ఇవి కనబడవు. దేవుడు మనకు వాక్యమిచ్చినది కన్నులు తెరచి చదువుటకే.

బాలుడైన సమూయేలు షిలోహులో మూడుమారులు దేవుని పిలుపు విని, అది ఏలీ పిలుపనుకొని పరుగెత్తెను. నాది దానికి తలక్రిందైన తప్పు. అతడు దేవుని స్వరమును మనుష్యునిదనుకొనెను. నేను నా కోపపు స్వరమును దేవునిదనుకొంటిని. అతనికి దారి చూపినది కన్నులు మసకలైన వృద్ధుడు. నాకు దారి చూపినది, నేను కసరి నోరు మూయించిన నా భార్య యడిగిన చిన్న ప్రశ్న. దేవుడు మనతో మాటలాడునప్పుడు తఱచుగా ప్రక్కనున్న వారి నోటిని వాడుకొనును. వారిని తృణీకరించినవాడు ఆయన మాటను తృణీకరించిన వాడగును.

హోరేబులో ఏలీయాకు పెనుగాలి వచ్చెను, భూకంపము వచ్చెను, అగ్ని వచ్చెను. వీని తరువాత వచ్చిన నెమ్మదియైన స్వరములో ప్రభువుండెను. కావున బిగ్గరగా వచ్చినదెల్ల దేవునిది కాదని కొందరందురు. అదియు పూర్తిగా సరికాదు. అదే కొండలో మోషేతో ఆయన అగ్నిలోనుండి మాటలాడెను. మెల్లగా వచ్చినదెల్ల దైవమనుటయు పొరబాటే. మన సోమరితనమును పిరికితనమును కూడ మెల్లగానే మాటలాడును. కాబట్టి స్వరముయొక్క బిగ్గను గాక, అది చెప్పు సంగతిని పరీక్షింపవలయును. నా యనుభవములో మూడు గురుతులు నిలిచినవి. దేవుని స్వరము ఆయన వాక్యమంతటితో ఏకీభవించును. అది పొరుగువాని పాపముకంటె ముందుగా నా పాపమును చూపును. అది తొందరపడదు, పరీక్షకు భయపడదు. నా కోపపు స్వరము తెల్లవారకమునుపే తీర్పు కోరెను. ఆ చిన్న ప్రశ్న తొమ్మిది దినములు నా వాకిట వేచియుండెను.

మన తెలుగు సంఘ చరిత్రయు దీనికి సాక్ష్యమిచ్చుచున్నది. 1854 వ సంవత్సరము జనవరి 1 వ తేదీన తెల్లవారుజామున జూయెట్ దొరగారును మరి కొందరును ఒంగోలు కొండమీద ఆ పట్టణముకొరకు ప్రార్థించిరి. క్లౌ దొరగారు అచ్చట నివసింపవచ్చినది 1866 లో. 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చినప్పుడు ఆయన బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలాదిమందికి పని కల్పించెను. ఆ కాలములో అనేకులు బాప్తిస్మము కోరుచుండిరి. ఇది దేవుడు తెరచిన ద్వారమేయని వెంటనే అందరికి ఇచ్చివేయుట సులభము. కాని కూటికొరకు వచ్చువారెవరో, క్రీస్తుకొరకు వచ్చువారెవరో తెలియదు గనుక ఆయన నిలిపివేసెను. కరవు సహాయపు పని ముగిసి, ఇచ్చుటకు సొమ్ము లేనప్పుడును వారు వచ్చిరి. 1878 జూలై 3 వ తేదీన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నిజమైన పిలుపు వేచియుండుటవలన చెడదని దీనివలన తెలియుచున్నది. మా ప్రాంతమువారికి ఈ కథ బాల్యమునుండి తెలిసినదే. తెలిసినదానిని నా సొరుగులో నాలుగువందలు తక్కువైననాడు నేను వినియోగించుకొనలేదు.

ప్రియ విద్యార్థులారా, ఏ కళాశాలకు పోవలెను, ఏ వృత్తి చేపట్టవలెను, ఎవరి మాట వినవలెను అను ప్రశ్నలు త్వరలో మీయెదుటికి వచ్చును. అప్పుడు దేవుడు నాతో ఇట్లు చెప్పెనని పలుకు ముందు కొంచెము నిలువుడు. గొఱ్ఱె కాపరి స్వరమును ఆపద వచ్చిననాడు నేర్చుకొనదు. ఆపద లేని వేయి దినములు వాని వెంట నడచి నేర్చుకొనును. దినదినము వాక్యమును క్రమముగా చదువుడు. ప్రార్థనలో మీరు మాటలాడుట ముగిసిన పిదపను కొంతసేపు ఊరకుండుడు. పెద్దల ప్రశ్నను కోపము లేక వినుడు. మీకు లాభమును, ఇతరులకు నిందను తెచ్చు మాటను రెండుమారులు పరీక్షింపుడు. మీకు నష్టమును, ఇతరులకు న్యాయమును తెచ్చు మాట నెమ్మదిగా తిరిగి తిరిగి వచ్చినయెడల దానిని తోసివేయకుడు.

2013 వ సంవత్సరము జూన్ నెలలో బడి తెరచిన దినమున ఆ తల్లి తన చిన్న కుమారుని ఆరవ తరగతిలో చేర్చుటకు తీసికొనివచ్చెను. ఆ తరగతికి రెండు విభాగములుండెను. ఏ విభాగములో వేయవలెనని గుమాస్తా యడుగగా ఆమె తలుపు దగ్గరనుండి నన్ను చూపి, "ఆ అయ్యవారి దాంట్లోనే రాయండి" అనెను. ఆ నాడు హాజరుపట్టీలో ఆ చిన్నవాని పేరు నేనే వ్రాసికొంటిని. ఇంతటి నమ్మికకు నేను తగినవాడను కాను. దానిని మరల పోగొట్టుకొనకుండునట్లు, తన స్వరమును నిత్యము ఆలకించు చెవిని ప్రభువు నాకును, దీనిని చదువు మీకందరికిని దయచేయును గాక.